కోరమండల్ చైనా మిస్సు

మొన్న ముళబాగిలు బస్టాండు పక్క హోటల్లో టిఫిను తింటుంటే, ఎదురు బల్ల దగ్గరి పెద్దమనిషి సర్వరును వేడినీళ్ళు అడిగాడు. మిట్టమధ్యాహ్నం, మంచి ఎండాకాలం. నెత్తిమీది ఫ్యాను కూడా వేడిగాలినే తిప్పుతోంది. సర్వరు ఆయన ముఖం ఒకసారి పరీక్షగా చూసి, "ఒంట్లో బాగలేదా సార్?" అని అడిగాడు.

"బాగుండాది. అలవాటు," అన్నాడాయన.

నాకు నవ్వొచ్చి ఇడ్లీ పొలమారింది. పక్కనున్న మా అక్క కూతురు నా నెత్తిమీద తట్టి, "ఎవురో తలుచుకుంటా ఉండారు చిన్నమ్మా," అంది. తలుచుకున్నది నేనే. మా చైనా మిస్సు బతికుంటే అప్పటికప్పుడు లేచి పోయి ఆ పెద్దమనిషి పక్కన కూర్చుని, వేడినీళ్ళు తాగేవాడు లోకంలో ఇంకొకడున్నందుకు సంబరపడేది. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె లేదన్న సంగతి నాకు ఇలాంటి చోట్లే గుర్తొస్తుంది, ఇంట్లో ఉన్నప్పుడు కాదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాసినా మా గనుల ఊరు కోరమండల్లో సగం మంది అదెవరని అడుగుతారు. చైనా మిస్సు అంటే మాత్రం పాలవాడి దగ్గర్నుంచి అందరూ చెయ్యి చాపి ఇల్లు చూపిస్తారు. గనివాళ్ళు కూలీలకి వరసగా కట్టించిన మా లైను ఇళ్ళలో ఆమెదీ మాదీ ఒకే గోడ. వాళ్ళ నాన్నా మా నాన్నా ఒకే షాఫ్టులో దిగి బంగారం తవ్వినవాళ్ళు. రెండు కుటుంబాలూ పలమనేరు వైపు పల్లెల నుంచి గని పనికి వచ్చినవే. ఆమె గని పిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేది. నేనూ ఆమె దగ్గరే చదువుకున్నాను. నా ఇంగ్లీషు ఇలా మిగిలిపోవడంలో ఆమె తప్పేమీ లేదు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మా లైన్లో ఏ ఆడమనిషికీ లేకపోయింది, మగవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు.

గనులు మూసేశారు. ఆ తర్వాత బడిలో పిల్లలు పలచబడి పలచబడి చివరికి బడీ మూతపడింది. ఊళ్ళో సగం మంది లాగే ఆమె కూడా చీకటితో రైలెక్కి బెంగళూరు పోయి, అక్కడొక పెద్ద అంగడి గుమ్మం దగ్గర నిలబడి, బయటికి పోయేవాళ్ళ సంచులు తెరిచి చూసే పని రెండేళ్ళు చేసింది. సాయంత్రం వచ్చి మా వరండాలో, నా కుట్టుమిషను పక్కన కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఆ రోజుల్లో ఆమె నవ్వడం నేను చూడలేదు.

"పాపా," అనేది. నాకు నలభై వచ్చినా ఆమెకు నేను పాపనే. "ఇరవై ఏండ్లు బోర్డు ముందర నిలబడినాను. ఇప్పుడు వాకిలి ముందర నిలబడతా ఉండా. కాళ్ళనొప్పి రెంటికీ ఒకటే. అయినా ఈ నొప్పి వేరే."

అప్పుడే ఆమె పాత శిష్యుడొకడు, చైనాలో ఇంగ్లీషు టీచర్లు కావాలట, పోతారా మిస్ అని అడిగాడు. రాబర్ట్‌సన్‌పేటలోని కంప్యూటరు సెంటర్లో ఇంటర్వ్యూ జరిగింది. నేనే తోడుపోయాను. అవతలివాళ్ళకి మాట బాగా వినిపించింది గానీ, తెర మీద ఈమె బొమ్మ మాత్రం మొదటి నుంచి చివరిదాకా నల్లగా, గళ్ళుగళ్ళుగా కనబడిందట. ఈమె ఇంగ్లీషు గడగడా మాట్లాడింది. వాళ్ళు సరేనన్నారు. బొమ్మ సరిగా కనబడకపోవడం వల్ల ఎంత కథ నడిచిందో మాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

కోరమండల్ స్టేషనుకి లైను లైనంతా కదిలి వచ్చి ఆమెను రైలెక్కించింది. పూలదండ వేశారు. ఎవరో కొబ్బరికాయ కూడా కొట్టారు. ఆమె పెట్టెలో సగం రాగిపిండి. ఆరేళ్ళ తర్వాత అదే పెట్టెతో తిరిగొచ్చినప్పుడు అందులో సగం ఫ్లాస్కులు.

వచ్చిన మనిషి పోయిన మనిషి కాదు. మొదటి తేడా వేడినీళ్ళు. చన్నీళ్ళు తాగితే కడుపు ఉలిక్కిపడుతుందని ఆమె వాదం. మే నెలలో కూడా మా ఇంటికొస్తే ఫ్లాస్కు చంకలో పెట్టుకుని వచ్చేది. పెళ్ళిళ్ళలో మజ్జిగ ఇస్తే దాన్ని చూసి జాలిపడేది, మజ్జిగ మీద కాదు, తాగేవాళ్ళ మీద. రెండో తేడా, ఏది ఇచ్చినా ఏది పుచ్చుకున్నా రెండు చేతులతోనే. బస్సు టిక్కెట్టు, నా కత్తెర, కరివేపాకు రెమ్మ, అన్నీ రెండు చేతులా అందుకుని కాస్త తల వంచేది. మా పాలవాడు మొదట్లో భయపడ్డాడు. తర్వాత తర్వాత ఆ ఒక్క ఇంటి దగ్గర మాత్రం సైకిలు దిగి, చొక్కా సర్దుకుని పాలు పోసేవాడు.

కూరగాయల మార్కెట్టులో ఆమెతో పోవడం పెద్ద వినోదం. చైనావాళ్ళు పది దాకా ఒకే చేత్తో చూపిస్తారట. బొటనవేలూ చిటికెనవేలూ చాపితే ఆరు, బొటనవేలూ చూపుడువేలూ చాపితే ఎనిమిది. ఈమె అలవాటులో ఆరు నిమ్మకాయలకి వేళ్ళు చాపితే, అంగడామె ఎవరికో ఫోను చేయమంటోందనుకుని తన సెల్లు తీసి ఇచ్చింది. ఎనిమిది అరటికాయలు అడిగినప్పుడు పక్కనున్న పిల్లవాడు తుపాకీ అనుకుని చేతులెత్తాడు. "నోటితో చెప్పకూడదా మిస్?" అంటే, "చేతికి తెలిసిపోయినాది పాపా, నోటిదాకా రాదు," అనేది.

ఇవన్నీ ఒక ఎత్తు, మధ్యాహ్నం నిద్ర ఒక ఎత్తు. అక్కడ బళ్ళలో పిల్లలూ టీచర్లూ అందరూ అన్నం తినగానే బల్లల మీద తలలు పెట్టుకుని నిద్రపోతారట. పన్నెండున్నర నుంచి రెండు దాకా ఎవరూ ఎవరినీ పలకరించరట. ఆ చట్టం ఆమె మా లైనుకి కూడా తెచ్చింది. ఆ టైములో నా మిషను చప్పుడు చేస్తే మధ్యగోడ మీద మూడుసార్లు కొట్టేది. పండగ ముందర జాకెట్లు గుట్టలు పడి ఉంటే నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు గోడ కొట్టిన కొద్దీ పట్టుదలగా తొక్కాను. ఆమె వచ్చి ఏమీ అనకుండా నా పక్కన నేల మీద చాప వేసుకుని, మిషను చప్పుడులోనే హాయిగా గురక పెట్టి నిద్రపోయింది. సిగ్గుపడి నేనే ఆపేశాను. తర్వాత చూస్తే నాకూ ఆ నిద్ర అలవాటైంది. ఇప్పటికీ పన్నెండున్నరకి నా కళ్ళు వాటంతటవే మూతపడతాయి. గోడ కొట్టేవాళ్ళు మాత్రం లేరు.

చైనా గురించి అడిగితే ఆమె చెప్పేది కొండలూ గోడలూ కాదు.

"పొయ్యే ముందర శానా భయపడితిని పాపా. యాడికి పోతా ఉండానో, ఏం మాట్లాడాలో అని. దిగి చూస్తే అందురూ అడిగేది ఒకటే. అన్నం తిన్నావా? పొద్దున కనబడినా అదే, బజారులో కనబడినా అదే. ఇదేందప్పా, నేను మన పక్కూరు క్యాసంబళ్ళిలో గాని దిగినానా అనుకుంటిని."

అక్కడ ఆమె మొదటి స్నేహితురాలు బడి బాయిలరు గది ముసలామె. బడికంతటికీ వేడినీళ్ళు కాచేది ఆమె పని. ఆ గది నేల కింద ఉండేది. టీచర్లు పొద్దునా సాయంత్రమూ ఫ్లాస్కులు పట్టుకుని మెట్లు దిగి పోవాలి. ముసలామెకి చెవుడు, ఈమెకి ఆ భాష రాదు. కాబట్టి ఇద్దరికీ బాగా కుదిరింది. మిస్సు ఆమెకి నీళ్ళక్క అని పేరు పెట్టింది. నీళ్ళక్క ఆ పేరు ఎన్నడూ వినలేదు.

"ఒకదినం బాయిలరు మీదనే రాగిముద్ద చేసి పెట్టితిని. ఆమె నోట్లో వేసుకుని నములుతుండాది, నములుతుండాది, అరగంట నమిలినాది. నేను గొంతు చూపించి, మింగాలమ్మా, ముద్దని నమలకూడదు, మింగాల అని సైగ చేస్తిని. ఆమె నా గొంతు పట్టి చూసి, నాకేమో గొంతునొప్పి అనుకొని వేడినీళ్ళు తెచ్చిచ్చినాది. ఆ దినమే నాకీ వేడినీళ్ళు అలవాటైనాది."

ఇలాంటివి అడగకుండానే చెప్పేది. ఒక్క విషయం మాత్రం ఎంత అడిగినా చెప్పేది కాదు. అది భూకంపం సంగతి. మా లైన్లో ఆ కథ ఒక్కొక్కరి నోట్లో ఒక్కో రకంగా పెరిగింది. రేషను అంగడి దగ్గరైతే, చైనాలో బడి కూలిపోతుంటే మా మిస్సు నలభై మంది పిల్లల్ని భుజాల మీద మోసుకొచ్చిందనీ, అక్కడి ప్రభుత్వం రాతివిగ్రహం పెట్టిందనీ చెప్పుకునేవాళ్ళు. ఎవరైనా ఆమె ముందు ఆ మాటెత్తి పొగిడితే ముఖం గంటు పెట్టుకునేది. "సుమ్మనే ఉండండప్పా," అని లేచి పోయేది. పొగిడితే కోపం వచ్చే మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను. అసలు కథ నాకు ఒకే ఒక్కసారి చెప్పింది. అది చెప్పిన రోజు కూడా నాకు బాగా గుర్తుంది.

ఒక మధ్యాహ్నం, ఆమె నిద్ర చట్టం అమల్లో ఉన్న సమయం. నేనూ మిషను మీద తల పెట్టి కునుకు తీస్తున్నాను. ఉన్నట్టుండి నేల దబ్‌మని ఒక్కసారి ఎగిరి పడింది. అటక మీది గిన్నెలు గలగలమన్నాయి, దేవుడి పటం ఒకటి కింద పడింది. మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఆ అదురు ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. దాన్ని మేము ఏర్‌బ్లాస్టు అంటాము. నేల కింద ఎంతో లోతున తవ్వి వదిలేసిన చోట రాయి బరువు తట్టుకోలేక పేలుతుంది, పైన ఇళ్ళు అదురుతాయి. గనులు నడిచే రోజుల్లో అది వచ్చిందంటే ఆడవాళ్ళందరూ ఉన్నపళంగా వీధిలోకి వచ్చి ఒకటే మాట అడిగేవాళ్ళు. ఏ షాఫ్టు అని. అది తెలిసిన తర్వాత ఆ షాఫ్టు గేటు దగ్గరికి పరుగు. ఇళ్ళకేమైందో చూసుకునేవాళ్ళు కాదు. ఇళ్ళలో ఉన్నవాళ్ళకి ఏమీ కాదు, కింద ఉన్నవాళ్ళకే ఏమైనా అయ్యేది. మా అమ్మ అలా పరిగెత్తడం నా చిన్నప్పుడు రెండుసార్లు చూశాను.

నేను బయటికి వచ్చేసరికి మిస్సు అప్పటికే వీధిలో ఉంది. చెప్పులు లేవు, జడ విడిపోయి ఉంది.

"యా షాఫ్టు?" అని అడిగింది, ఎదురింటి ముసలాయన్ని.

ఆయన గనిలో ముప్పై ఏళ్ళు చేసినవాడు. గుమ్మంలోంచి కదల్లేదు. "ఏ షాఫ్టు అయితే ఏమమ్మా. కింద ఎవురుండారు ఇప్పుడు? నీళ్ళుండాయి," అన్నాడు.

ఆమె మెల్లగా నవ్వడం మొదలుపెట్టింది. వీధిలోకి వచ్చిన ఆడవాళ్ళందరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వాము. గనులు మూసి అన్నేళ్ళైనా కాళ్ళకి ఆ సంగతి తెలియలేదు. నవ్వుతూనే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూతపడ్డ గనుల కోసం ఊరంతా ఏడ్చింది గానీ, కింద ఎవరూ లేరు అన్న ఆ మాట ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

ఆమె వచ్చి మా వరండాలో కూర్చుంది. ఫ్లాస్కు తెరిచి రెండు గ్లాసుల్లో వేడినీళ్ళు పోసింది. ఆ రోజు కాదనకుండా నేనూ తాగాను.

"ఇదే పాపా ఆడ జరిగినాది," అంది. "మీరంతా చెప్పుకునే కథ ఇదే. ఇంత మాత్రమే."

అప్పుడు చెప్పింది.

ఆమె పోయింది ఒక చిన్న ఊరు. చుట్టూ బొగ్గు కొండలు. బడివాళ్ళు తల్లిదండ్రులకి విదేశీ టీచరు వస్తుందని ముందే చాటారట. వాళ్ళేమో బంగారురంగు జుట్టూ తెల్లతోలూ ఉన్న మనిషి వస్తుందని కాచుకున్నారు. బండిలోంచి చీర కట్టుకుని, నల్లగా, పొట్టిగా మా మిస్సు దిగింది. ఒక తల్లి అయితే ఆమె వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని బండిలోకి తొంగి చూసిందట.

"ఆయమ్మ చూసిన చూపు ఇప్పటికీ మరవలేదు పాపా. పెండ్లికూతురు యాడ అని చూస్తారే, అట్లా."

తల్లిదండ్రులు హెడ్మాస్టరు మీద పడ్డారు. ఈమె విదేశీ మనిషి లాగా లేదు, ఈమెకి ఇంగ్లీషు వస్తుందని నమ్మకం ఏమిటి, మార్చండి అని. హెడ్మాస్టరు మంచివాడే గానీ మెత్తనివాడు. మూడు నెలలు చూద్దాం, ఆ తర్వాత తల్లిదండ్రుల మీటింగులో తేల్చుకుందాం అన్నాడు. ఆ మూడు నెలలూ ఆమె గుండె అరచేతిలో పెట్టుకుని పాఠం చెప్పింది.

"తిరిగొస్తే ఏముండాది నాకు? మళ్ళా ఆ రైలు, ఆ వాకిలి, ఆ సంచులు. మీరేమైనా అనుకుంటారని కాదు. దండ వేసి పంపినారు, మూడు నెలలకి తిరిగొచ్చినా మీరు ఏమీ అనరు, తెలుసు. నాకు బోర్డు కావాల. సుద్దముక్క కావాల. అంతే. దేవుణ్ణి వేరే ఏమీ అడగలేదు."

మూడు నెలలు నిండడానికి వారం ఉండగా ఒక మధ్యాహ్నం నేల అదిరింది. పిల్లలందరూ బల్లల మీద తలలు పెట్టుకుని నిద్రలో ఉన్నారు. ఆ బడిలో దీనికి పద్ధతి ఉంది, అందరికీ నేర్పించారు. టీచరు తన క్లాసు పిల్లల్ని వరసగా మైదానంలోకి తీసుకుపోవాలి, తలలు లెక్కపెట్టాలి, పిల్లల్ని విడిచి కదలకూడదు. మిస్సు పిల్లల్ని లేపింది, వరసలో తీసుకుపోయింది. మైదానం చేరాక చూస్తే అందరూ మేడ వైపు, పైకి చూస్తున్నారు, ఏది కూలుతుందో అని.

"నాకు ఆ మేడ గుర్తే లేదు పాపా. భూమి అదిరింది, అంతే. కింద ఎవురుండారు? అదొకటే మనసులోకి వచ్చినాది. నోట్లోంచి యా షాఫ్టు అని తెలుగులోనే వచ్చినాది, పక్క టీచరు బిత్తరపోయినాది. అప్పుడు గుర్తొచ్చినాది, కింద నీళ్ళక్క ఉండాది. నా పిల్లల్ని ఆ టీచరుకి చూపించి, పరిగెత్తితిని."

అందరూ బయటికి వస్తుంటే ఈమె ఒక్కతే లోపలికి, అది కూడా కిందికి. చీర ఎగదోపుకుని మెట్లు దిగింది. బొగ్గు కుప్ప జారి బాయిలరు గది తలుపుకి అడ్డం పడి ఉంది. చేతులతో, తర్వాత తట్టతో లాగి పోసింది. లోపల నీళ్ళక్క గోడ పక్క మంచం మీద, అదురూ తెలియక చప్పుడూ వినబడక, నిండా దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. భుజం పట్టి కుదిపితే లేచి, మధ్యాహ్నం నిద్ర చెడగొట్టినందుకు చెడామడా తిట్టిందట. బొగ్గుమసితో ఉన్న మిస్సుని మొదట గుర్తుపట్టలేదు కూడా. తిట్టుకుంటూనే చెయ్యి పట్టుకుని పైకి వచ్చింది. మేడకి ఏమీ కాలేదు. గోడకొక చీలిక, అంతే.

"దీంట్లో ధైర్యం యాడుండాది చెప్పు? నేను పొయ్యింది తప్పు. పద్ధతి తప్పినాను. నా పిల్లల్ని మైదానంలో వదిలేసినాను. మళ్ళా అదిరి ఉంటే? వాళ్ళలో ఎవురైనా భయపడి అటో ఇటో పరిగెత్తి ఉంటే? అందుకే మీరు పొగిడితే నాకు ఒళ్ళు మండేది. నేను టీచర్ని. టీచరు చేయకూడని పని చేసినాను."

హెడ్మాస్టరు కూడా అదే అన్నాడు. ముఖం ఎర్రగా చేసుకుని, పిల్లల్ని విడిచిపోయిన టీచరు గురించి మీటింగులో నేనేం చెప్పేది అన్నాడు. ఆమె ఆ రాత్రే పెట్టె సర్దేసింది. మిగిలిన రాగిపిండి నీళ్ళక్కకి ఇచ్చేసింది.

మీటింగు పెద్ద హాల్లో. తల్లిదండ్రులు, అవ్వాతాతలు, పిల్లలు అందరూ వచ్చారు. చిన్న వయసు టీచరొకామె ఆమె మాటల్ని వాళ్ళ భాషలో చెప్పడానికి పక్కన నిలబడింది. బండిలోకి తొంగి చూసిన తల్లి ముందు వరసలోనే కూర్చుంది. ఎవరో లేచి, పిల్లల్ని విడిచి కిందికి ఎందుకు పోయారు అని అడిగారు.

"నేను అబద్ధం చెప్పలేదు. మా ఊర్లో భూమి అదిరితే కింద ఉండేవాళ్ళని చూసుకుంటాము, పైన ఉండేవాళ్ళకి ఏమీ కాదు. ఆ అలవాటులో పోతిని. ఇది మా ఊరు కాదని మరిచిపోతిని. పిల్లల్ని వదిలింది నా తప్పే. మీరు పొమ్మంటే పోతాను. ఇంతే చెప్తిని."

హాల్లో గుసగుసలు. వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. నొసటి మీద నీలంగా బొగ్గు ఇంకిపోయిన పాత గాయపు మచ్చ. మీ ఊళ్ళో కింద ఏముంది అని అడిగాడు. బంగారం గని, మా నాయన దాంట్లోనే దిగేవాడు అని చెప్పింది. ఎంత లోతు అని అడిగాడు. రెండు మైళ్ళ దాకా అని చెప్పింది. పక్కనున్న చిన్న టీచరు దాన్ని వాళ్ళ భాషలో చెప్పలేదు.

"ఎందుకమ్మా చెప్పవు అంటే, మిస్, మీరు తప్పు చెప్తా ఉండారు, అంత లోతు ఉండదు, నవ్వుతారు అన్నాది. తప్పు కాదమ్మా, చెప్పు అని బతిమాలితిని. చెప్పినాది. నిజంగానే హాలంతా నవ్వినాది. ఆ తాత ఒక్కడే నవ్వలేదు."

ఆ తాత చేత్తో నేల వైపు చూపిస్తూ, తానూ కింద పనిచేసినవాణ్ణేనని చెప్పాడు. భూమి అదిరిన రోజున పైన తన భార్య గేటు దగ్గర నిలబడి ఉండేదని చెప్పాడు. తర్వాత కూర్చోబోతూ మళ్ళీ నిలబడి హెడ్మాస్టరు వైపు తిరిగాడు.

"ఏమన్నాడో తెలుసునా? ఈమెకి ఇంగ్లీషు వచ్చునో రాదో నాకు తెలీదు. నా మనవడు ఈమె క్లాసులోనే ఉంటాడు, అన్నాడు." మిస్సు గ్లాసు కింద పెట్టింది. "చూడు పాపా. ఇరవై ఏండ్లు ఇంగ్లీషు చెప్పినదాన్ని. మూడు నెలలు ఆ పిల్లలకి గొంతు చించుకుని చెప్పినదాన్ని. ఇంగ్లీషు వచ్చునో రాదో తెలీదంట. ఉండనిచ్చినందుకు సంతోషమా, ఆ మాటకి కోపమా, ఏదీ తెలీకుండా నిలబడుంటిని."

హెడ్మాస్టరు అందరి వైపూ చూశాడట. ఎవరూ కాదనలేదు. ఒకరిద్దరు కుర్చీల్లోంచి లేస్తున్నారు. అప్పుడు బండిలోకి తొంగి చూసిన ఆ తల్లి పక్కనున్న కూతురు లేచి వచ్చింది. ఏడెనిమిదేళ్ళ పిల్ల. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ అడగమనలేదు. హాలంతా చూస్తుండగా మిస్సు ముందు నిలబడి, గట్టిగా ఇంగ్లీషులో అడిగింది.

"టీచర్, టుమారో వాట్ లెసన్, మా?"

వరండాలో ఇది వినగానే నేను పకపకా నవ్వాను. చివర్లో 'అమ్మా' అన్నట్టు తగిలించిన ఆ 'మా' అన్నది ప్రపంచంలో ఏ పుస్తకంలోనూ లేదు. అది మా ఊరి ఇంగ్లీషు. గనుల్లో పుట్టి, లైను ఇళ్ళలో పెరిగి, అంగడి దగ్గరా రైల్లోనూ మేము మాట్లాడుకునే ఇంగ్లీషు. ఆ బొగ్గు ఊళ్ళో దాన్ని ఆ పిల్లకి నేర్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది.

"వాళ్ళమ్మ ముఖం చూడాల పాపా నువ్వు. కూతురు ఇంత ఇంగ్లీషు మాట్లాడేది ఆయమ్మ ఎన్నడూ విన్లేదు. రెండు చేతులా నోరు మూసుకున్నాది. హెడ్మాస్టరు చప్పట్లు కొట్టినాడు. ఆయనకేం తెలుసు, ఇంగ్లీషు అంటే ఇట్లానే ఉంటాదని అనుకున్నాడు."

"మరి నువ్వేమన్నావు మిస్?"

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, ఆమెకీ తెలిసినట్టు లేదు.

"ఏమనేది? ఆ పిల్ల ఎత్తుకి వంగి చెప్పితిని. లెసన్ నైన్, మా."